ఉడుముకు మన ఇల్లు వద్దు, ఇగ్వానాకు మన ఇల్లు చాలదు

పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఉడుమును చూడని రైతు ఉండడు. తొలకరి పడ్డాక చెలక గట్ల మీద, చెరువు తూము దగ్గర, పుట్టల పక్కన నాలుక ఆడిస్తూ నిదానంగా పోతుంటుంది. అడుగుల చప్పుడు వినబడితే ఒక్కటే ఉరుకు. ఈ పల్లెల నుంచే చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ పోయిన పిల్లలు ఇప్పుడు ఫోన్లో ఆకుపచ్చ ఇగ్వానాల వీడియోలు చూస్తున్నారు. పండక్కి ఇంటికొచ్చి, పెద్ద బల్లిని పెంచుకుంటే ఎట్లుంటుందని అడుగుతున్నారు. ఊళ్లో ఉన్న దోస్తులైతే ఇంకో మాట అంటారు: "పైసలు పెట్టి కొనుడెందుకు, మన గుట్ట మీద ఉడుములు లేవా?"

రెండో మాటకు జవాబు చిన్నది. కుదరదు. మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు. చట్టం ఒప్పుకుంటుంది, కాగితాలు సరిగా ఉంటే. ఇల్లు ఒప్పుకుంటుందా అన్నదే అసలు సంగతి.

ముందు ఉడుము సంగతి చూద్దాం. మన దగ్గర కనబడేది బెంగాల్ ఉడుము. పేరులో బెంగాల్ ఉంది కానీ ఇరాన్ తూర్పు కొస నుంచి బర్మా దాకా ఉంటుంది. బాగా పెరిగినది ముక్కు నుంచి తోక కొస దాకా అయిదున్నర అడుగులు ఉండొచ్చు, అందులో సగానికి పైగా తోకే. బరువు 7 కిలోల దాకా తూగుతుంది. కాసేపు దూరంగా నిలబడి చూస్తే చాలు, ఇంటికి ఎందుకు పనికిరాదో తెలిసిపోతుంది. పొద్దున ఎండ పొడ రాగానే బండ మీదికొచ్చి ఒళ్లు కాచుకుంటుంది. ఒళ్లు వేడెక్కాక బయల్దేరుతుంది. రెండుగా చీలిన నాలుకతో గాలిని, మట్టిని వాసన పట్టుకుంటూ పోతుంది. పేడకుప్ప దొరికితే గోళ్లతో గీరి పురుగులు ఏరుకుంటుంది, ఎండుటాకులు తిరగేస్తుంది, ఎలుక బొరియలో తల దూరుస్తుంది. గుడ్లు, కప్పలు, పీతలు, నత్తలు, చచ్చిన పశువు కళేబరం, ఏదైనా సరే. ఎండ ముదిరితే బొరియలోకో చెట్టు తొర్రలోకో పోతుంది. వానకాలంలో ఆడ ఉడుము చెదపుట్టను తవ్వి అందులో గుడ్లు పెట్టి మట్టి కప్పేస్తుంది. పుట్ట లోపలి తేమ, వెచ్చదనమే వాటిని నెలల తరబడి కాపాడతాయి.

ఇట్లా దినమంతా తవ్వడం, వెతకడం, తిరగడం పనిగా ఉన్న జీవిని గాజుపెట్టెలో పెడితే ఏం చేస్తుంది? గోడకు ముక్కు ఆనించి అటూ ఇటూ తిరుగుతుంది, మూతి పుండు పడేదాకా. ఎలుకలను, పురుగులను తిని రైతుకు మేలు చేసే జీవి అది. పెట్టెలో పడ్డాక దానికీ సుఖం లేదు, పెంచేవాడికీ లేదు.

ఇక చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో బెంగాల్ ఉడుము ఒకటో షెడ్యూలులో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒకటో షెడ్యూలు జంతువును వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. గుట్ట మీద పట్టిన ఉడుమును ఇంట్లో పెంచుకోవడానికి లైసెన్సు అనేదే లేదు. "పిల్ల కదా, పెరిగాక వదిలేస్తాం" అన్నా చెల్లదు. పట్టడమే నేరం. దేశాల మధ్య వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలోనూ దీనిది మొదటి అనుబంధం, అక్కడ వ్యాపారానికి తావే లేదు.

ఇంత కఠినంగా ఎందుకంటే, ఉడుముకు శత్రువులు ఎక్కువ. దాని మాంసం తింటే నడుము నొప్పి పోతుందని నమ్మేవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. పోతుందనడానికి వైద్యంలో ఆధారం లేదు. వేటగాళ్లు దాన్ని పట్టాక పరుగెత్తకుండా కాళ్లు వీపు మీదికి విరిచి కట్టేస్తారు, ప్రాణంతోనే. కర్ణాటక సంగీత కచేరీలో మోగే కంజీరకు ఒకప్పుడు బిగించింది ఉడుము తోలునే. అన్నిటికంటే వింతైన వ్యాపారం హత్తాజోడి. ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి నిలుస్తుందంటూ, ఏదో అడవి వేరు అని చెప్పి అమ్మేవారు. చూడటానికి రెండు చేతులు జోడించినట్టుంటుంది. 2017లో పరిశోధకులు, జంతు సంరక్షణ సంస్థలు కలిసి పరీక్షించి చూస్తే, అది వేరు కాదు, మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టినది. భక్తితో కొని పూజగదిలో పెట్టుకున్నవాళ్ల మొహాలు ఎట్లయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మీ పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, 2,611 చదరపు కిలోమీటర్లు, పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో పరుచుకుని. ఉడుమును దాని ఇంట్లో చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు. ఇక ఉడుమే మీ ఇంట్లోకి వస్తే కర్రలు తీయకండి. కుక్కను కట్టేసి, పిల్లలను పక్కకు పంపి, బయటికి తలుపు తీసి ఉంచితే చాలాసార్లు దానంతటదే పోతుంది. మూలకు నెట్టి దారి మూస్తేనే తోకతో కొడుతుంది, కరుస్తుంది. పోకపోతే అటవీ శాఖకు చెప్పండి. హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి వాళ్లకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇప్పుడు విదేశీ బల్లి. పెంపకం మాట వస్తే మొదట వినబడేది ఆకుపచ్చ ఇగ్వానా. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉండే అడవుల్లో, ఏటి ఒడ్డు చెట్ల కొమ్మల మీద బతికే జీవి. దుకాణంలో చూపించేది జానెడు పిల్ల, చిగురాకు రంగులో ముద్దుగా, అరచేతిలో ఇమిడిపోతుంది. బేరం అక్కడే కుదిరిపోతుంది. కానీ ఆ పిల్ల మూడేళ్లలో నాలుగడుగులు దాటుతుంది, మగదైతే ఆరడుగులకు చేరొచ్చు. సరిగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ చదివే పిల్లాడు తెచ్చిన ఇగ్వానాను వాడి పెళ్లయి, ఉద్యోగానికి వేరే ఊరు పోయాక ఎవరు చూడాలి? సాధారణంగా అమ్మే.

ఇగ్వానా పెంపకానికి చట్టం ఏమంటుంది? చాలా కాలం మన చట్టం విదేశీ జంతువుల పెంపకం గురించి పెద్దగా మాట్లాడలేదు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక అవకాశం ఇచ్చింది. ఇంట్లో ఉన్న విదేశీ జంతువులను గడువులోగా స్వచ్ఛందంగా వెల్లడిస్తే ఎక్కడివని కాగితాలు అడగబోమంది. 2022 సవరణతో సైటీస్ జాబితాలోని జంతువులన్నీ చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి, ఇగ్వానా కూడా. 2024 ఫిబ్రవరి చివర నమోదు నియమాలు వెలువడ్డాయి. అప్పటికే పెంచుతున్నవాళ్లకు ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లు చేతికొచ్చిన 30 రోజుల్లో పరివేష్ అనే కేంద్ర పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దగ్గర అది నమోదవుతుంది. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా చెప్పాలి. పెంచి అమ్మేవాళ్లకు వేరే లైసెన్సు ఉంటుంది.

దత్తత పేరుతో ఎవరో ఉచితంగా ఇస్తున్నా ఇదే పద్ధతి. డబ్బు మారలేదు కదా అని కాగితం అక్కర్లేదనుకోవద్దు. ఇచ్చేవాళ్ల నమోదు పత్రం చూపించమనండి. "అది తర్వాత చూసుకుందాంలే అన్నా" అంటే అక్కడే లేచి వచ్చేయండి. విమానాశ్రయాల్లో కస్టమ్స్ వాళ్లు బ్యాంకాక్ నుంచి వచ్చే సూట్‌కేసులు తెరిస్తే సాక్సుల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో కుక్కిన ఇగ్వానాలు బయటపడటం కొత్త వార్త కాదు. కాగితం లేని పిల్ల అట్లా వచ్చిందే కావచ్చు. దాన్ని కొంటే దొంగ సరుకు కొన్నట్టే.

కాగితాలు ఉన్నాయనుకుందాం. ఇప్పుడు ఇంటి సంగతి.

పెద్ద ఇగ్వానాకు కావాల్సిన గూడు తక్కువలో తక్కువ ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడుగు, మూడడుగుల లోతు. చెట్టు మీది జీవి కాబట్టి వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. లోపల దాని ఒంటికంటే లావైన కొమ్మలు ఏటవాలుగా ఉండాలి. రెండు పడక గదుల ఇంట్లో రెండు బీరువాలు పక్కపక్కన పెట్టినంత చోటు పోతుందన్నమాట. అద్దె ఇల్లయితే యజమానిని అడగకుండా మొదలుపెట్టొద్దు. పిల్లగా ఉన్నప్పుడు చేపల తొట్టి సరిపోతుందని దుకాణం వాళ్లు చెప్పేది కొన్ని నెలల మాట.

ఈ జీవి ఒళ్లు తనంతట తాను వేడి పుట్టించుకోదు. తిన్నది అరగాలన్నా బయటి వేడే దిక్కు. అందుకే గూటిలో ఒకే వేడి కాదు, రకరకాల వేడి ఉండాలి. పైన ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 నుంచి 37 డిగ్రీలు, కింద చల్లటి మూల 26, 27 డిగ్రీలు, రాత్రి 23కు తగ్గకుండా. తనకు కావాల్సిన చోటికి తానే పోతుంది. మనవాళ్లు ఇక్కడే పొరబడతారు. "మన దగ్గర ఎండలకేం తక్కువ?" అంటారు. తక్కువ కాదు, ఎక్కువే, అదే ఇబ్బంది. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మామూలు. రేకుల ఇంట్లోనో, పైకప్పు కింది అంతస్తులోనో గది మొత్తం 40 దాటితే దానికి పారిపోయే చల్లటి మూల ఉండదు, నోరు తెరిచి ఒగరుస్తుంది. ఇక గాజుపెట్టెను ఎండలో పెడితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. డిసెంబరు రాత్రులు దీనికి తలకిందులు, పాలమూరులో 12, 13 డిగ్రీలకు దిగితే దీపం వేయాలి, అది కూడా వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ దీపం. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడవాలి. వేడెక్కే కృత్రిమ రాళ్లు అమ్ముతారు, అవి వద్దు. పొట్ట కింద కాలుతున్నా ఇగ్వానాకు సరిగా తెలియదు, బొబ్బలెక్కాక మనం చూస్తాం.

ఎండలో వేడి ఒక్కటే కాదు, అతినీలలోహిత కిరణాలూ ఉంటాయి. ఆ కిరణాలు చర్మానికి తగిలితేనే డి3 విటమిను తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు చేరుతుంది. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది కానీ ఈ కిరణాలను ఆపేస్తుంది. కాబట్టి అద్దం వెనక ఎండలో పడుకోబెట్టి సంతోషపడొద్దు. చలి దేశాల్లో దీనికి ప్రత్యేకమైన దీపాలు కొని, ఏడాదికోసారి మార్చాలి, వెలుగుతున్నా వాటి పస తగ్గిపోతుంది కాబట్టి. ఈ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. మిద్దె మీద ఇనుప జాలీ బోను, సగానికి నీడ, చలికాలంలో పొద్దున 9 నుంచి 11 దాకా, ఎండాకాలంలో 8 లోపు. పక్కన మనిషి ఉండాల్సిందే. కాకులు, పిల్లుల కంటే మన ఊళ్లలో కోతుల బెడద ఎక్కువ, జాలీ గొళ్లెం తీయడం వాటికో లెక్క కాదు.

తేమ ఇంకో చిక్కు. అది పుట్టిన అడవుల్లో గాలి తేమ 70 శాతం పైన. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం పెదవులు పగిలే గాలి. తేమ చాలకపోతే కుబుసం సరిగా విడవదు. కాలివేళ్ల చుట్టూ, తోక కొసన ముక్కలు మిగిలి ఎండి దారంలా బిగుసుకుంటాయి. రక్తం ఆగి వేలు నల్లబడి రాలిపోయినా ఆశ్చర్యం లేదు. పెద్ద నీళ్ల టబ్బు, రోజుకు రెండు మూడు సార్లు పిచికారీ, ఎండాకాలం గదిలో తడి గాలి కొట్టే కూలర్ ఉంటే కొంత నయం. కూలర్ వాడటానికి దీనికంటే మంచి సాకు మన జిల్లాల్లో దొరకదు.

తిండి దగ్గర శుభవార్త, ఇది పూర్తి శాకాహారి. చెడ్డవార్త, మనం రోజూ తెచ్చే ఆకుకూరలన్నీ పనికిరావు. పాలకూర, చుక్కకూర, తోటకూరల్లో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. ఎప్పుడో ఒకసారి సరే, రోజూ వద్దు. మునగాకు, మందారం ఆకులు, పూలు, మల్బరీ ఆకు ప్రధానంగా పెట్టాలి. గుమ్మడి, బీర, సొర తురిమి కలపాలి. పండు వారానికోసారి రుచికి. పెట్టే తిండిలో భాస్వరానికి రెట్టింపు కాల్షియం ఉండాలన్నది లెక్క. గుడ్డు, చికెన్, కుక్క బిస్కెట్లు పెడితే ఇష్టంగానే తింటుంది, త్వరగా పెరుగుతుంది కూడా. తర్వాత మూత్రపిండాలు పాడవుతాయి. మందు కొట్టిన ఆకులు పెట్టొద్దని పత్తి చేలు ఉన్న మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. చేను గట్టు మీది మునగ, మందారం కోసేముందు పక్క చేలో ఎప్పుడు మందు కొట్టారో కనుక్కోండి.

మచ్చిక మాటకొద్దాం. ఇగ్వానా తల పైన, రెండు కళ్ల మధ్యకు కొంచెం వెనగ్గా, పాలిపోయిన చిన్న పొలుసు ఒకటి ఉంటుంది. అది మూడో కన్ను. బొమ్మ కనబడదు, వెలుగు నీడల తేడా తెలుస్తుంది. పై నుంచి నీడ పడిందంటే అడవిలో గద్ద వచ్చిందని అర్థం. మనం ప్రేమగానే పై నుంచి చెయ్యి పెడతాం, అది ప్రాణభయంతో తోక విసురుతుంది. పక్క నుంచి, దానికి కనబడేలా, నిదానంగా చెయ్యి చాపాలి. గూటిలో అది కూర్చునే కొమ్మ కూడా నేల దగ్గర కాకుండా మన కళ్ల ఎత్తులో ఉంటే ధైర్యంగా ఉంటుంది. అప్పుడప్పుడు తుమ్మి గాజు మీద తెల్లటి మచ్చలు చేస్తుంది. జలుబు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కుతో బయటికి పంపడం అది. మనిషిని గుర్తుపడుతుంది, చేతిలో తింటుంది. అయితే మగది ఎదిగాక ఏటా ఎద సమయంలో నారింజ రంగు తిరిగి, నిన్నటిదాకా భుజమెక్కిన మనిషి మీదికే వస్తుంది. పళ్లు రంపంలా ఉంటాయి, కుట్లు పడే గాయమవుతుంది. ఆడది మగ తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తడి ఇసుక పెట్టె లేకపోతే గుడ్లు కడుపులోనే ఆగి ప్రాణం మీదికొస్తుంది.

జబ్బు చేస్తే ఎక్కడికి? జిల్లా పశువైద్యశాల డాక్టర్లు గేదెలు, మేకలు చూడటంలో దిట్టలు, బల్లి వాళ్ల ముందుకు రావడం అరుదు. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో, విదేశీ జంతువులు చూసే ప్రైవేటు డాక్టరు దగ్గరికో పోవాలి. దవడ మెత్తబడినా, కాళ్లు వాచినట్టు లావెక్కినా, వేళ్లు వణికినా ఎముకలు కరుగుతున్నాయని అర్థం, ఆగొద్దు. దత్తత తీసుకునేముందు కూడా ఇవే చూడండి. దవడ తిన్నగా ఉందా, తోక మొదట్లో కండ ఉందా, నాలుగు కాళ్ల మీద పొట్ట లేపి నడుస్తుందా. మనుషుల వైపు జాగ్రత్త సాల్మొనెల్లా బాక్టీరియా గురించి. పైకి ఆరోగ్యంగా ఉన్న బల్లి పేగుల్లోనూ అది ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు. అయిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఈ పెంపకం వద్దనే చెబుతాను.

నిజానికి చాలా ఇళ్లకు వద్దనే చెబుతాను. పట్టుదల ఉన్నవాళ్లకు ఆస్ట్రేలియా గడ్డపు బల్లి కొంత నయం. అది రెండడుగులు దాటదు, పొడి నేలల జీవి కాబట్టి మన గాలి పడుతుంది. కాగితాల సంగతి దానికీ అటవీ శాఖలో కనుక్కున్నాకే. పెంచడం కాదు, పోషించడం చాలనుకుంటే నెహ్రూ జూ పార్కులో జంతువులను దత్తత తీసుకునే పథకం ఉంది. మేతకయ్యే డబ్బు మీరిస్తారు, గూడు, వైద్యం వాళ్లు చూసుకుంటారు.

ఇప్పటికే ఇగ్వానా ఇంట్లో ఉండి, ఇక మోయలేమనుకునేవాళ్లకు ఒక విన్నపం. నాగార్జునసాగర్ గట్టు మీదో, ఏ చెరువు కట్ట చెట్ల మీదో వదిలేసి చేతులు దులుపుకోవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో జనం వదిలేసినవి, తప్పించుకున్నవి పెరిగి, కాలువ గట్లు తవ్వి, తోటలు మేసి, చివరికి 2021లో అక్కడి ప్రభుత్వం వాటి పెంపకాన్నే నిషేధించింది. తైవాన్‌లో వేలల్లో చంపుతున్నారు. థాయ్‌లాండ్‌లోని లోప్‌బురిలో 2023లో పొలాల మీద పడితే పట్టుకోవాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో చలి 5 డిగ్రీలకు పడితే అవి మొద్దుబారి చెట్ల మీది నుంచి రాలిపడతాయి. కృష్ణా లోయలో అంత చలి పడదు, ఇక్కడ వాటికి ఆ అడ్డు కూడా ఉండదు. కాగితాలు లేవన్న భయం ఉన్నా సరే, జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి పోయి ఉన్నమాట చెప్పి, దానికి చోటు అడగండి.